కోరమండల్ కథలు – 7: నూలుపోగు వెంట సముద్రపు ఒడ్డుకు

పోయిన భాగం దుగరాజపట్నం ఇసుకలో మొదలై మద్రాసు ఇసుకలో ఆగింది. 1626లో ఈస్టిండియా కంపెనీ మనుషులు దుగరాజపట్నంలో దిగడం, తమకు అండగా నిలిచిన ఆరుముగం మొదలియారు పేరు మీద ఆ రేవును ఆర్మగాన్ అని పిలుచుకోవడం చెప్పుకున్నాం. పన్నెండు ఫిరంగులు పెట్టి కోట కట్టుకున్నా, పక్కనే పులికాట్‌లో పాతుకుపోయిన డచ్చివాళ్లను దాటి మంచి గుడ్డ సంపాదించడం వాళ్లకు చేతకాలేదు. చివరికి ఫ్రాన్సిస్ డే దక్షిణంగా వెతుక్కుంటూ పోయి, 1639లో దామెర్ల సోదరుల దగ్గర మద్రాసపట్నం తిన్నె సంపాదించాడు. ఆ రోజుల్లో ఇంగ్లీషువాడికి సముద్రమంటే దారి, బేరం, ప్రాణభయం. అక్కడికి సరదాగా పోయి కూర్చోవాలని ఎవరికీ తోచలేదు.

ఆ తోచడం ఎప్పుడు మొదలయ్యింది? ఇవాళ ఆదివారం వస్తే తిరుపతి, పుత్తూరు, నగరి వైపు నుంచి వ్యాన్లు కట్టుకుని తూపిలిపాళెం పోయి అలల్లో తడిసి, వేయించిన చేపలు తిని వచ్చే అలవాటు మనకూ ఉంది. పర్వదినం కాకపోయినా, మొక్కు లేకపోయినా, ఊరికే పోతాం. ఈ ‘ఊరికే పోవడం’ వెనక నాలుగు వందల ఏళ్ల కథ ఉంది. అందులో సగం ఇంగ్లండులో జరిగింది. మిగతా సగం మా చుట్టుపక్కల మగ్గాల గుంటల్లో జరిగింది. అందుకే ఈ భాగం రెండు తీరాల మీద నడుస్తుంది.

ముందు మా ఊరి సంగతి ఒకటి. వడమాలపేటలో నిలబడితే సముద్రం కనబడదు. ఎటు చూసినా కొండలు, మామిడి తోటలు. కానీ పుత్తూరు దాటి నగరి వైపు పోతే, వెల్లకిలా పడుకున్న మనిషి ముక్కులాగా పైకి లేచిన కొండకొన ఒకటుంది. ఇంగ్లీషు నావికులు దానికి పెట్టుకున్న పేరు నగరి నోస్, అంటే నగరి ముక్కు. మద్రాసు వైపు వచ్చే ఓడలకు, ఒడ్డు ఇంకా గీతలాగా కూడా తేలకముందే, ఈ ముక్కు కనిపించేది. చప్పటి తీరంలో గుర్తుపట్టడానికి ఇంకేమీ ఉండేది కాదు మరి. నెలల తరబడి నీళ్లలో ఉండి, స్కర్వీతో పళ్లు ఊడిపోయిన నావికులు ఆ కొండను చూసి బతికామని అనుకుని ఉంటారు. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి ఆ కొండ పక్కగా బస్సులో పోయేటప్పుడల్లా నేను తల తిప్పి చూస్తాను. మనకు సముద్రం కనబడకపోయినా, సముద్రానికి మనం కనబడుతూనే ఉన్నాం.

ఆర్మగాన్‌లో కంపెనీ కోట లేస్తున్న ఆ 1626 ప్రాంతంలోనే, ఇంగ్లండు ఉత్తరాన యార్క్‌షైర్ తీరంలో స్కార్‌బరో అనే చేపల రేవులో ఒక చిన్న సంగతి జరిగింది. ఫారర్ గారని ఒకావిడ ఒడ్డున నడుస్తూ, కొండవాలు కింద నుంచి ఊరుతున్న నీటిని గమనించింది. ఆ నీళ్లు పారిన రాళ్లన్నీ తుప్పు రంగు పట్టి ఉన్నాయి. నోట్లో పోసుకుంటే కొద్దిగా చేదు. తాను తాగింది, ఒంటికి మంచిదనిపించింది, నలుగురికీ చెప్పింది. 1660లో విట్టీ అనే వైద్యుడు ఆ ఊటనీటి మహిమ మీద పుస్తకమే రాశాడు. ఇంక డబ్బున్నవాళ్లు గుర్రపుబండ్లు కట్టించుకుని బయలుదేరారు. ఊటనీటి కోసం వచ్చినవాళ్లకు ఎదురుగా ఉన్నది సముద్రం. ఊట మంచిదైతే ఉప్పునీళ్లు ఎందుకు కాకూడదన్న ఆలోచన రావడానికి ఎంతోకాలం పట్టలేదు. సముద్రపు సెలవులకు ఇంగ్లండులో పునాది పడింది ఆ ఊళ్లోనే.

ఆ ఆలోచనకు వైద్యశాస్త్రం ముద్ర వేసినవాడు రిచర్డ్ రస్సెల్. లూయిస్ అనే ఊళ్లో వైద్యం చేసేవాడు. 1750లో గ్రంథుల జబ్బులకు సముద్రపు నీరు ఎలా పనిచేస్తుందో లాటిన్‌లో గ్రంథం రాశాడు. అది ఇంగ్లీషులోకి వచ్చేసరికి దేశమంతా పాకింది. ఆయన చీటీ రాస్తే సముద్రంలో మునగడం ఒక్కటే కాదు, ఆ నీళ్లు తాగాలి కూడా. 1753లో బ్రైటన్ ఒడ్డునే పెద్ద ఇల్లు కట్టుకుని రోగుల్ని అక్కడికే రప్పించుకున్నాడు. అప్పటికి బ్రైటన్ పెద్ద పేరేమీ లేని చేపల పల్లె. వలలు ఆరేసుకునే చోట పట్టుబట్టల దొరసానులు తిరగడం మొదలుపెట్టారు.

ఆ దొరసానులు నీళ్లలోకి దిగిన పద్ధతిని కాస్త దగ్గరగా చూడాలి. నాలుగు చక్రాల మీద చెక్కగది, ఎద్దులబండి మీద చిన్న కొట్టు పెట్టినట్టు ఉంటుంది. ఒడ్డున ఉన్నప్పుడు వెనక మెట్లెక్కి లోపలికి పోయి తలుపు వేసుకోవాలి. లోపల చీకటి, తడిచెక్క వాసన, కూర్చోవడానికి ఒక బల్ల. గుర్రం ఆ బండిని నడుములోతు నీళ్లలోకి లాగుతుంది. అది ఊగుతుండగానే లోపలున్నామె బట్టలు మార్చుకుని, ఒళ్లంతా కప్పే మందపాటి అంగీ వేసుకుంటుంది. సముద్రం వైపు తలుపు తీస్తే మెట్లు సరాసరి నీళ్లలోకే. అక్కడ బలమైన చేతుల ఆడమనిషి ఒకతె నిలబడి ఉంటుంది. ఆమె పని వచ్చినామెను పట్టుకుని అలలో ముంచడం. మునిగేవాళ్లకు ఇష్టమా కాదా అన్నది ఆమెకు అనవసరం, వైద్యుడు చెప్పినన్ని మునకలు వేయించాల్సిందే. బ్రైటన్‌లో ఈ పని చేసిన మార్తా గన్ పేరు దేశమంతా మోగింది, యువరాజు దాకా ఆమెను ఎరుగుదురు. మార్గేట్ ఊరి బెంజమిన్ బీల్ బండికి గుడారం గుడ్డ ఒకటి తగిలించాడు, నీళ్లలో ఉన్న ఆడవాళ్లు ఒడ్డుకు కనబడకుండా.

1789లో మూడో జార్జి రాజు ఒంట్లో నలతగా ఉండి వేమత్ అనే దక్షిణ తీరపు ఊరికి పోయాడు. ఆయన తల నీళ్లలో మునగ్గానే పక్క బండిలో దాక్కున్న వాద్యగాళ్లు రాజగీతం వాయించారట. రాజే పోయాక సంపన్నులు ఊరుకుంటారా? వేమత్ నిండింది, బ్రైటన్ నిండింది, రేవుల పక్కన ఊళ్లన్నీ అద్దె ఇళ్లయ్యాయి. ఆ రాజు కొడుకు బ్రైటన్‌లో కట్టించుకున్న మందిరం ఇంకా చిత్రం. వాస్తుశిల్పి జాన్ నాష్ 1815 నుంచి 1823 దాకా దాన్ని మార్చి కట్టాడు. బయట నుంచి చూస్తే ఉల్లిపాయ గుమ్మటాలు, మీనార్లు, జాలీ రాళ్లు. ఇండియాను ఎన్నడూ చూడని రాజు, ఇండియాను ఎన్నడూ చూడని శిల్పి కలిసి, చలిగాలి కొట్టే ఒడ్డున ఒక మొగలాయి కలను నిలబెట్టారు.

ఆ కల పక్కనే నిజమైన ఇండియా మనిషి ఒకాయన ఉండేవాడు. పట్నాలో 1759లో పుట్టిన దీన్ మహమ్మద్. చిన్నతనంలోనే కంపెనీ సైన్యంలో చేరి, తన అధికారి వెంట ఐర్లండు పోయి అక్కడే స్థిరపడ్డాడు. 1794లో తన ప్రయాణాల మీద ఇంగ్లీషులో పుస్తకం వేశాడు. ఇంగ్లీషులో పుస్తకం అచ్చువేసిన తొలి భారతీయుడు ఆయనే. 1810లో లండన్‌లో మన వంటల హోటలు పెట్టాడు గానీ అది నిలవలేదు. తరువాత బ్రైటన్ చేరి ఆవిరి స్నానాల ఇల్లు తెరిచి, మన చంపీని అక్కడ పరిచయం చేశాడు. ఒళ్లు పట్టడం, నూనె మర్దనా, ఆవిరి. కీళ్లనొప్పుల దొరలు కర్రలూతగా వచ్చి, పోయేటప్పుడు ఆ కర్రల్ని గుర్తుగా అక్కడే వదిలిపోయేవారట. ఇద్దరు రాజులకు ఆయన చంపీ వైద్యుడిగా నియమితుడయ్యాడు. ఇవాళ సీసాలో కొనే షాంపూకు ఆ పేరు చంపీ నుంచి వచ్చింది. ఒళ్లుపట్టే మనిషిని మనం వీధి అరుగు మీదే ఆపేశాం. ఆయన దాన్ని సముద్రపు ఒడ్డున రాజవైద్యం చేసి చూపించాడు. 1851లో అక్కడే పోయాడు, సెయింట్ నికొలస్ చర్చి తోటలో సమాధి ఉంది.

బ్రైటన్ దగ్గర మనం తప్పక ఆగాల్సిన చోటు ఇంకొకటుంది. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సు కందకాల్లో గాయపడ్డ భారత సిపాయిల కోసం 1914 డిసెంబరులో అదే గుమ్మటాల మందిరాన్ని ఆసుపత్రి చేశారు. నృత్యశాలల్లో మంచాలు వేశారు. కులాలకు, మతాలకు తగ్గట్టు వేర్వేరు వంటశాలలు పెట్టారు. ప్రాణం నిలవని హిందూ, సిక్కు సిపాయిలు 53 మందిని ఊరి వెనక గడ్డికొండల మీద దహనం చేశారు. ఆ చోట 1921లో తెల్లరాతి మండపం ఒకటి వెలిసింది. దాని పేరు ఛత్రి. కారు దారి లేదు, పొలాల గట్ల మీదుగా నడవాలి. అక్కడి నుంచి చూస్తే దూరంగా సముద్రం. పిల్లలు ఇంగ్లండులో చదువుకునే ఇళ్లు, ఉద్యోగాలు చేసే ఇళ్లు మా మండలంలోనూ ఇప్పుడు ఉన్నాయి. చూడ్డానికి పోయే అమ్మానాన్నలకు నేను చెప్పేది ఒక్కటే, లండన్ గడియారం ముందు ఫోటో దిగిన మరునాడు ఆ కొండ ఎక్కండి.

ఇప్పుడు మన ఒడ్డుకు వద్దాం.

మద్రాసులో ఉన్న కంపెనీ దొరలకు సముద్రం ఒడ్డునే కోట ఉన్నా, దాంట్లో దిగే వీల్లేదు. ఆ రోజుల్లో అక్కడ హార్బరు లేదు. ఓడలు దూరంగా లంగరేస్తే, సరుకునూ మనుషుల్నీ ఒడ్డుకు తెచ్చేది మసూలా పడవలు. ఒక్క మేకు లేకుండా పలకల్ని కొబ్బరితాడుతో కుట్టి చేసిన పడవ అది. అల కొడితే మేకుల పడవ పగులుతుంది, కుట్టిన పడవ వంగుతుంది. వరసగా విరిగే అలల్ని దాటించేటప్పుడు పడవవాళ్ల పాట మారేది, తెడ్డు వేగం మారేది. పక్కనే కట్టుమరాల మీద మనుషులు కాచుకుని ఉండేవారు, ఎవరైనా పడితే అందుకోవడానికి. ఇంగ్లండులో ముంచేవాళ్లకు జీతమిచ్చిన కాలంలో, ఇక్కడ మునగకుండా కాపాడేవాళ్లకు జీతమిచ్చారు. ఆ పడవలు నడిపే పట్టపు కులస్తుల చేతుల్లో ప్రాణం పెట్టి దిగని గవర్నరు మద్రాసు చరిత్రలో చాలాకాలం లేడు.

అందుకని దొరలు సరదా వెతుక్కున్నది అలలు లేని నీళ్లలో. మద్రాసుకు ఉత్తరాన ఎన్నూరు ఉప్పుటేరు వాళ్లకు బాగా నచ్చింది. అక్కడ తోట ఇళ్లు కట్టుకున్నారు, పడవల్లో షికార్లు, చేపలవేట, సాయంత్రం విందులు. బాసిల్ కోక్రేన్ అనే వ్యాపారి పందొమ్మిదో శతాబ్దం మొదట్లో మద్రాసు నుంచి ఎన్నూరు దాకా కాలువ తవ్వించాక ప్రయాణం ఇంకా సులువయ్యింది. ఆ కాలువే పెరిగి పెరిగి పులికాట్ సరస్సు మీదుగా ఉత్తరానికి పాకింది. మన పెద్దవాళ్లు ప్రళయకావేరి అన్నది ఈ సరస్సునే. సాయంత్రం విందులకు పొయ్యిలో మండింది శ్రీహరికోట అడవి కట్టె. అక్కడి యానాదులు కొట్టి మోసుకొచ్చి పడవలకు ఎక్కిస్తే అది మద్రాసు చేరేది. దొరల ఇంటి గోడలు అద్దాల్లాగా మెరిసింది సరస్సు గవ్వలు కాల్చి తీసిన సున్నంతో. ఉప్పుటేటి గాలి తగిలి కూర్చున్నవాళ్ల కథ పుస్తకాల్లో దొరుకుతుంది. గవ్వలు ఏరిన చేతుల కథ దొరకదు.

మరి మనవాళ్లు సముద్రానికి పోలేదా? పోయారు, కానీ వేరేగా. మాఘ పౌర్ణమికి, కార్తీక పౌర్ణమికి, గ్రహణానికి. మిగతా రోజుల్లో సముద్రాన్ని తాకకూడదని పెద్దల మాట. మా అవ్వ అన్నేళ్ల బతుకులో సముద్రాన్ని చూసింది రెండే సార్లు, రెండూ పర్వాలే. చెంగులో కొంచెం పసుపు, కుంకుమ, చిల్లర కాసు మూటగట్టుకుని పోయి, ముందు ఒడ్డుకు దణ్ణం పెట్టి, కాసు విసిరి, మూడు మునకలేసి వచ్చేసింది. ‘ఎట్లుండాది సముద్రం?’ అని అడిగితే, ‘ఎట్లుంటాది, తల్లి మాదిరి ఉండాది’ అనేది. ఇంగ్లండు దొరసానికి మునక వేయించింది వైద్యుడి చీటీ. మా అవ్వకు వేయించింది పంచాంగం. ఎవరి మునక వాళ్లది. ఇద్దరిలో ఎవరూ అప్పటికి సరదాకు పోలేదన్నది మాత్రం గుర్తుపెట్టుకోవాలి.

సరదా అన్నది సముద్రం పేదవాడి చేతికి వచ్చాక పుట్టింది. ఆ పుట్టుకకు మూలం గుడ్డ.

కంపెనీ ఆర్మగాన్‌కు, మద్రాసుకు వచ్చిందే గుడ్డ కోసం. వాళ్ల పద్దుపుస్తకాల్లో ‘పంజం’ అని ఒక మాట వస్తుంది. అది మన పుంజమే. 120 పోగులు ఒక పుంజం. ఎన్ని పుంజాలుంటే అంత దట్టమైన నేత. లండన్ వేలంపాటల్లో కంపెనీ గుమాస్తా పంజం అని పలికినప్పుడు, తనకు తెలియకుండానే మన సాలెవాడి లెక్కను పలికాడు. మా పక్కన నారాయణవనం, పుత్తూరు, నగరి ఇవాళ్టికీ నేత ఊళ్లే. కొంచెం అవతల శ్రీకాళహస్తి కలంకారీ. ఇట్లాంటి రంగుల అద్దకం గుడ్డలు ఇంగ్లండు చేరితే అక్కడి ఆడవాళ్లు మోజుపడి కట్టారు. అక్కడి నేతగాళ్ల కడుపు మండింది. 1719లో లండన్‌లో స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్లు వీధుల్లో పడి, ఇండియా గుడ్డ వేసుకున్న ఆడవాళ్ల ఒంటిమీద బట్టలు చించారు. 1721లో పార్లమెంటు అద్దకపు నూలుగుడ్డ కట్టడాన్నే నిషేధించింది. గుడ్డ కట్టుకున్నందుకు జరిమానా అన్నమాట.

నిషేధం నీడలో లాంకషైర్ నేర్చుకుంది. 1733లో జాన్ కే ఎగిరే నాడె, ఆ తరువాత హార్‌గ్రీవ్స్ ఒకేసారి ఎన్నో పోగులు తీసే రాట్నం, 1769లో ఆర్క్‌రైట్ నీటితో తిరిగే యంత్రం. మన సాలెవాడి వేళ్లలో తరతరాలుగా ఉన్న పనిని ఇనుముకు నేర్పారు. పందొమ్మిదో శతాబ్దం వచ్చేసరికి గుడ్డ ప్రయాణం తలకిందులయ్యింది. ఇక్కడి నుంచి అక్కడికి పోయిన గుడ్డ, అక్కడి నుంచి ఇక్కడికి రావడం మొదలయ్యింది, అదీ మన గుడ్డ కంటే చవకగా. మగ్గాల గుంటలు పూడిపోయిన ఊళ్లు ఎన్నో. సాలెవాళ్లు చాలామంది కూలికి పోయారు.

కానీ లాంకషైర్ మిల్లు కూలీ బతుకు ఏమన్నా పూలపాన్పా? తెల్లవారకముందే మిల్లు కూత. దూది నుసి ఊపిరితిత్తుల్లో, యంత్రాల మోత చెవుల్లో. ఆ మోతలో మాట వినబడక ఆడవాళ్లు పెదవుల కదలికతోనే మాట్లాడుకునేవారు, ఇంటికొచ్చినా ఆ అలవాటు పోయేది కాదు. చిన్నపిల్లలు యంత్రాల కింద దూరి తెగిన పోగులు అతికేవారు. ఈ మనుషులకు ఏడాదిలో ఒక్క వారం ఊపిరి పీల్చుకునే అదృష్టం ఉండేది. పూర్వం ఊరి చర్చి తిరునాళ్లగా జరిగిన ఆ వారాన్ని వేక్స్ అనేవారు. ఊళ్లో మిల్లులన్నీ ఒకేసారి మూసేసి, బాయిలర్లు శుభ్రం చేసుకునేవి. జీతం మాత్రం లేదు. అందుకని కూలీలు ఏడాది పొడుగునా వారం వారం కొన్ని పెన్నీలు కూడబెట్టేవారు, మన ఆడవాళ్లు చీటీలు కట్టినట్టే. 1846లో బ్లాక్‌పూల్‌కు రైలుమార్గం వచ్చింది. చీటీ డబ్బు తీసుకుని ఊరికి ఊరే రైలెక్కింది.

ఆ బ్లాక్‌పూల్ వారాన్ని తలుచుకుంటే నాకు మన జాతర ఊళ్లే కనిపిస్తాయి. ఒక్కో మిల్లు ఊరికి ఒక్కో వారం. ఈ వారం ఓల్డామ్ వాళ్లు, వచ్చే వారం ఇంకో ఊరివాళ్లు. ఒకే వీధివాళ్లు సముద్రం దగ్గర కూడా ఒకే వీధిలో గదులు తీసుకునేవారు. వంట సామాను, రొట్టె, మాంసం వీళ్లే కొని తెస్తే ఇంటామె వండిపెట్టేది. బల్ల మీద పెట్టే ఉప్పుకు, మిరియాలకు కూడా వేరే లెక్క రాసేదట. మంచాలు చాలక పిల్లల్ని అడ్డంగా పడుకోబెట్టేవారు. అయినా ఆ వారం మోత లేదు, కూత లేదు. సముద్రపు హోరు ఒక్కటే. 1863లో నీళ్లలోకి పొడుగ్గా ఇనప వంతెన కట్టారు, ఓడెక్కకుండానే సముద్రం మీద నడిచినట్టుండే వంతెన. 1879లో వీధంతా కరెంటు దీపాలు వెలిగించారు. 1894లో 518 అడుగుల ఇనప గోపురం లేచింది. రాజుల వైద్యంగా మొదలైన సముద్రం అక్కడ కూలీల జాతర అయ్యింది. 1871లో జాన్ లబ్బక్ పార్లమెంటులో పట్టుబట్టి బ్యాంకు సెలవుల చట్టం తెచ్చాడు. జీతంతో సెలవు అన్న హక్కుకు చట్టం రావడానికి మాత్రం 1938 దాకా ఆగాల్సి వచ్చింది.

ఒక్క పోగు చివర మూతబడ్డ మగ్గం, ఇంకో చివర బ్లాక్‌పూల్ ఇసుకలో ఆడుకుంటున్న పిల్లవాడు. ఆ పిల్లవాడి మీద నాకు కోపం రాదు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై పత్తి ఆగిపోతే, ఆ పిల్లవాడి ఇల్లే పస్తులుంది. లాంకషైర్ చరిత్రలో దాన్ని పత్తికరువు అంటారు. ఆ కరువుతో మాంచెస్టర్ వ్యాపారుల చూపు ఇండియా నల్లరేగడి మీద పడింది. రైళ్లు వేయండి, పత్తి తెప్పించండి అని అంతకుముందు నుంచే వాళ్లు సర్కారు మీద ఒత్తిడి పెడుతూ వచ్చారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఊరి పక్కకు రైలు వచ్చింది. మద్రాసు రైల్వే కంపెనీ 1861లో అరక్కోణం నుంచి వాయవ్యానికి పట్టాలు మొదలుపెట్టి, 1862కల్లా రేణిగుంట చేరింది. నగరి, పుత్తూరు, పూడి మీదుగా. 1871లో అది రాయచూరు తాకి బొంబాయి వైపు పట్టాలతో కలిసింది. అప్పటికి మా ప్రాంతం కార్వేటినగరం జమీందారీ, ఉత్తరార్కాటు జిల్లా. మద్రాసు పోవాలంటే బండి కట్టుకుని, దారిలో సత్రాల్లో రాత్రుళ్లు గడిపి పోయే మనుషులకు, పొద్దున ఎక్కితే అదే రోజు దిగే దారి దొరికింది. మద్రాసులో అప్పుడు రైలాగే చోటు రాయపురం. 1856లో దక్షిణాది మొదటి రైలు బయలుదేరిన స్టేషను అది. ఇప్పటి సెంట్రల్ స్టేషను 1873లో గానీ రాలేదు. రాయపురం స్టేషను బయటికొస్తే నాలుగడుగుల్లో సముద్రం. పుత్తూరులో బెల్లం, చింతపండు మూట నెత్తిన పెట్టుకుని రైలెక్కిన మనిషి, తనకు తెలియకుండానే సముద్రం ముందు దిగాడు. పంచాంగం చూడకుండా, పర్వం కాకుండా. అలలు చూస్తూ మూట దించుకుని కాసేపు కూర్చుని ఉంటాడు. మన ‘ఊరికే పోవడం’ అక్కడే మొదలయ్యిందని నా నమ్మకం.

ఆ తరువాత పదిహేనేళ్లకు 1876–78 ధాతు కరువు. గంజికేంద్రాల ముందు సాలెవాళ్లు, కూలీలు ఒకే వరసలో నిలబడ్డారు. కరువు పనికింద మద్రాసులో కాలువ ముక్కల్ని కలిపే తవ్వకం జరిగింది. ఆ కాలువకు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ పేరు పెట్టారు. కోక్రేన్ కాలువ కూడా అందులో కలిసిపోయింది. ఇప్పటి బాపట్ల జిల్లా తీరంలోని పెదగంజాం దాకా పాకిన ఆ నీటిదారి, దొరల షికార్లకూ పనికొచ్చింది, మన ఉప్పు, కట్టె, ధాన్యానికీ పనికొచ్చింది. 1884లో గవర్నరు గ్రాంట్ డఫ్ మద్రాసు ఒడ్డున విశాలమైన నడకదారి వేయించాడు. సిసిలీ తీరాన్ని తలుచుకుని దానికి మరీనా అని పేరు పెట్టాడు. దొరలు గుర్రపుబండ్లలో గాలికి తిరగడానికి వేసిన దారి. ఇరవై ఏళ్లు దాటాక అక్కడ బెస్తవాళ్ల వలల పక్కన స్వదేశీ సభలు మొదలయ్యాయి. ఆ సభల్లో తగలబెట్టమన్నది లాంకషైర్ గుడ్డనే.

1931 సెప్టెంబరులో గాంధీజీ లాంకషైర్ పోయి డార్వెన్ మిల్లు కూలీలను కలిశారు. విదేశీ గుడ్డ మానమన్న ఆయన పిలుపు వల్ల పనులు పోయినవాళ్లు వాళ్లు. వాళ్లే ఆయన చుట్టూ చేరి చేతులెత్తి జేజేలు పలికారు. ఆ ఫోటో ఎప్పుడు చూసినా, పోగు రెండు చివరలూ ఒకచోట కలిసినట్టు అనిపిస్తుంది.

ఇంగ్లండు తీరంలో చూడాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి. కెప్టెన్ కుక్ ఓడ పని నేర్చుకున్న విట్బీ రేవు, పన్నెండేళ్ల మేరీ ఆనింగ్ కొండచరియల్లో రాక్షసజీవి ఎముకలు పట్టుకున్న లైమ్ రీజిస్. వాటి కథలు మన పోగుకు దూరం, అందుకే వదిలేస్తున్నాను. మన వైపు భీమునిపట్నం, వాల్తేరు వేరే భాగానికి ఉంచుతున్నాను. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు మా వడమాలపేట, ఆ దుగరాజపట్నం తీరం ఒకే జిల్లా పటంలోకి వచ్చాయి. ఆర్మగాన్ కోట ఇవాళ కనబడదు. కానీ అక్కడ ఒడ్డున నిలబడితే, 1626లో ఆ ఓడలవాళ్లు మన కొండల వైపు ఏ ఆశతో చూశారో ఊహించుకోవచ్చు.

సముద్రం దొరల జ్వరాలకు మందు కాలేకపోయింది. వేసవి వస్తే మద్రాసు ఒడ్డున కూడా ఊపిరాడేది కాదు. మరి చల్లదనం ఎక్కడ దొరుకుతుంది? కోయంబత్తూరు కలెక్టరు జాన్ సలివాన్ నీలగిరులెక్కాడు. కడప కలెక్టరు హార్స్‌లీ మదనపల్లె పక్కన ఒక కొండ చూసుకుని ఇల్లు కట్టించుకున్నాడు. మనవాళ్లు అంతకుముందు దాన్ని ఏనుగు మల్లమ్మ కొండ అనేవారు. వచ్చే భాగంలో ఆ కొండ ఎక్కుదాం, దొర ఇంటికి రాళ్లు మోసుకుని పైకి పోయినవాళ్ల వెంట.